బొమ్మలు వేసేవాళ్లు అడవి జంతువులకు ఏం చేయగలరు? తిరుపతి నుంచి నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: డిజైన్ కోర్సు చివరి ఏడాదిలో ఉన్నారు, బొమ్మలు బాగా వేస్తారు, శేషాచలం అడవన్నా అందులోని జంతువులన్నా ప్రాణం, కానీ జువాలజీ చదవలేదు కాబట్టి మీ పని నిజంగా వాటికి పనికొస్తుందా లేక ఇన్‌స్టాలో లైకుల దగ్గరే ఆగిపోతుందా అని.

పనికొస్తుంది. నేను తిరుపతిలో పన్నెండేళ్లుగా డీటీపీ, ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలతో ఇల్లు గడుస్తుంది, దాని పక్కన అడవికి సంబంధించిన బొమ్మలు వేస్తుంటాను. ముందు నేను చేసిన తప్పు చెబుతాను, ఎందుకంటే మీరూ అక్కడినుంచే మొదలుపెట్టే అవకాశం ఎక్కువ.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఊరంతా వణికిపోయింది. కొండ కింద ఉండే మా కాలనీ వాళ్లు, యూనివర్సిటీ హాస్టళ్ల వైపు ఉండే కుర్రాళ్లు కొందరు కలిసి వచ్చి ఒక పోస్టర్ చేసిమ్మన్నారు. ఆ రాత్రే కూర్చుని, నెట్‌లో దొరికిన ఫొటో ఒకటి తీసుకుని, నోరు తెరిచి కోరలు చూపిస్తున్న ముఖం పెద్దగా పెట్టి, కింద ఎర్ర అక్షరాల్లో ‘చిరుత ఉంది, జాగ్రత్త’ అని వేసి నూట యాభై కాపీలు తీసిచ్చాను. మూడో రోజు అడవిలో వాచర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు పోస్టర్ చేతిలో పట్టుకుని షాపుకొచ్చారు. “దీన్ని యాడ తెచ్చినావు సామీ? ఇది మన కొండలో ఉండేది కాదే” అన్నారు. చూస్తే అది జాగ్వార్, అమెరికా ఖండాల జంతువు. దాని ఒంటిమీద మచ్చల గుత్తుల మధ్యలో మళ్లీ చిన్న చుక్కలుంటాయి, మన చిరుతకు ఆ గుత్తుల మధ్య ఖాళీగా ఉంటుంది. అంత పెద్ద తేడా నా కంటికి ఆనలేదు.

ఇంకో తప్పు అంతకన్నా పెద్దది. ఆ పోస్టర్ చూసిన పిల్లలు సాయంత్రమైతే గడప దాటడం మానేశారు, ఇంకో పక్క కొందరు కుర్రాళ్లు కర్రలు పట్టుకుని రాత్రిపూట చిరుతను వెతుక్కుంటూ తిరిగారు. భయం పుట్టించాను తప్ప ఎవరు ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు. పెద్దాయన్నే కూర్చోబెట్టి అడిగాను, అసలు చిరుత ఊళ్లోకి ఎందుకొస్తుందని. ఆయన చెప్పింది ఇంతే: మిగిలిన అన్నం బయట పోస్తాం, దానికి కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. ఆ మాటనే మూడు బొమ్మలుగా వేశాను. హాస్టల్ వెనక ఎంగిలి విస్తళ్ల కుప్ప, దాని చుట్టూ కుక్కలు, ఆ వెనక పొదలో కనీకనిపించని చిరుత. కింద మూత ఉన్న డబ్బా ఒకటి, పిల్లల చెయ్యి పట్టుకుని గుంపుగా టార్చితో నడుస్తున్న మనుషులు. ఇందులో చిరుత చాలా చిన్నగా ఉంటుంది, కోరలు అసలు కనిపించవు. పోస్టర్ పెట్టిన రెండు వారాలకు ఒక మెస్ ఆవిడ వచ్చి, చెత్త డబ్బాకు అంటించుకోవడానికి ఇంకో రెండు కాపీలు కావాలని అడిగారు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. అప్పటినుంచి ఏ పని ఒప్పుకున్నా ముందు అడిగేది ఒకటే: ఈ బొమ్మ ఎవరు చూస్తారు, చూశాక వాళ్లు చేతులతో ఏ పని చేయాలి? దానికి జవాబు దొరకకపోతే పెన్సిల్ ముట్టుకోను.

పేర్ల గొడవ కూడా ఉంది, ఇది మన భాషలోనే ఉన్న చిక్కు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కునో అడవికి చీతాలను తెచ్చినప్పుడు తెలుగు వార్తల్లో చాలా చోట్ల వాటినీ చిరుతలు అనే రాశారు. మా వీధిలో పిల్లలైతే మన కొండమీది చిరుతలు కూడా ఆఫ్రికా నుంచే వచ్చాయనుకున్నారు! మాటతో ఎంత చెప్పినా తెగలేదు. రెండు ముఖాలు పక్కపక్కన గీసి, చీతాకు కంటి నుంచి నోటి దాకా కారిన నల్లని గీత, ఒంటిమీద నిండు చుక్కలు, చిరుతకు ఆ గీత లేకపోవడం, గుత్తుల మచ్చలు చూపించాను. అర నిమిషంలో అర్థమైపోయింది.

మీకు జువాలజీ రాదన్న బెంగ వద్దు అనేది ఇందుకే. ఫొటో ఒక్క జంతువుది, ఒక్క క్షణానిది, దానిమీద నీడ పడుతుంది, గడ్డి అడ్డమొస్తుంది. బొమ్మలో మాత్రం చూడాల్సినదాన్ని ముందుకు తెచ్చి మిగతాది వదిలేయవచ్చు. ఇది నాకు పాముల చార్టు చేసినప్పుడు బాగా తెలిసొచ్చింది.

పాకాల వైపు ఒక ఊళ్లో స్కూలు టీచరు ఒకరు అడిగితే చేశాను. వేరుశనగ పీకేటప్పుడు, చెరకు కొట్టేటప్పుడు పాము కనిపిస్తే చాలు, ఏదైనా సరే కొట్టి చంపేస్తారు, జెర్రిపోతు ఎలకలను తిని పంటను కాపాడుతుందని తెలిసినవాళ్లు కూడా. మన దగ్గర మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. రక్తపింజరకు వీపుమీద గొలుసులా మూడు వరసల మచ్చలు, చిన్న పింజరకు తలమీద బాణం గుర్తు. కట్లపాము దగ్గరే అందరూ తికమక పడతారు, ఇళ్లలో తిరిగే విషం లేని వుల్ఫ్ స్నేక్ అచ్చం అలాగే ఉంటుంది. కట్లపాముకు తెల్ల పట్టీలు సన్నగా, చాలాసార్లు జంటలుగా ఉండి తోక వైపు స్పష్టంగా, తల వైపు పలచగా ఉంటాయి, వుల్ఫ్ స్నేక్‌కు సరిగ్గా తిరగబడి మెడ దగ్గర బాగా కనిపించి తోక వైపు మాసిపోతాయి. ఫొటోల్లో ఈ తేడా చూపించడానికి ఎన్ని తిప్పలు పడ్డానో. చివరికి రెండు పాములనూ నిటారుగా తాళ్లలా పక్కపక్కన గీసేశాను, అడవిలో ఏ పామూ అలా ఉండదు, కానీ పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో పిల్లలకు కూడా తెలిసిపోయింది.

అయితే ఆ చార్టు మొదటి ప్రింటులో ఒక లోపం ఉండింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గారు చూసి, దీన్ని చూసిన మనిషి కరిచిన పామును పట్టుకుని పోల్చుకుంటూ కూర్చుంటాడమ్మా అన్నారు. ఆ మాట నిజం. మన దేశంలో ఇచ్చే విషం విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి చేసిందే, ఏ పామో తేల్చుకోవడానికి ఆగితే ప్రాణం పోతుంది. అందుకని రెండో ప్రింటులో సగం జాగా వేరే బొమ్మలకు ఇచ్చాను: కోయకూడదు, గట్టిగా కట్టకూడదు, కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. ఇంకో బొమ్మలో నేలమీద చాప, పక్కన నులక మంచం, దానిమీద దోమతెర, ఎందుకంటే కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువ కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. దోమతెర బొమ్మ పాముకు ఏం మేలు అనుకోకండి. కాటు పడని ఇంట్లో పాము కనిపిస్తే కర్ర తీయకుండా పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేసే ఓపిక ఉంటుంది.

ఇక్కడే ఒక పని చిట్కా. ఏ బొమ్మ వేసినా ముందు మామూలు జిరాక్స్ తీసి చూడండి. ఊళ్లలో మీ రంగుల పోస్టర్ రెండో వారానికే నలుపు తెలుపు జిరాక్స్ అయిపోతుంది, వాట్సాప్‌లో పది చేతులు మారి మసకబారుతుంది, ఫ్లెక్సీ మీద నా రక్తపింజర ఒకసారి ఇటుక రంగుకు తిరిగింది. వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ వాళ్లు 1961లో పాండాను గుర్తుగా ఎంచుకున్నప్పుడు ప్రింటింగ్ ఖర్చు తగ్గడానికి నలుపు తెలుపులో పనికొచ్చే జంతువు కావాలనీ చూసుకున్నారు. దాన్ని గీసిన పీటర్ స్కాట్ పక్షుల గురించి పుస్తకాలు రాసిన మనిషి, చిత్రకారుడు కూడా. అంత పెద్ద గుర్తే జిరాక్స్‌కు తట్టుకునేలా పుట్టిందంటే మన చార్టు సంగతి చెప్పేదేముంది.

తెలుగు అక్షరాల గురించి కూడా ఒక మాట. పాత ఫొటోషాప్ వెర్షన్లలో టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగ్ మార్చకపోతే ఒత్తులు ఊడిపోతాయి, ‘రక్తపింజర’లో ‘క్త’ విడిపోయి కనిపిస్తుంది, ఊళ్లో ఎవరూ నమ్మరు. రామభద్ర, మండలి, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, అవి వాడండి. ఇక అడవి అంచున ఫ్లెక్సీ మాత్రం వద్దు, చిరిగి ప్లాస్టిక్ ముక్కలై అక్కడే పడి ఉంటుంది. గోడమీద రాయించండి. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన గోడ రాతల ఆర్టిస్టులు ఇంకా ఉన్నారు, పాకాల స్కూలు గోడమీద ఒకాయన వేసిన నాగుపాము ఐదేళ్లయినా చెక్కుచెదరలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని దేవాంగ పిల్లిది. పెద్ద పెద్ద కళ్లతో, రాత్రిపూట మాత్రమే తిరిగే చిన్న జంతువు, పురుగులను తింటుంది, ఎవరి జోలికీ రాదు. దాన్ని చేతబడులకు పట్టుకుపోతారు, ఎదురైతే అపశకునమని రాళ్లు వేస్తారు. నెట్‌లో దొరికే ఫొటోలన్నీ ఫ్లాష్ కొట్టి తీసినవి, బెదిరిపోయి కళ్లు తేలేసినట్టు ఉంటుంది, అది చూసినవాళ్లకు దెయ్యం అనే నమ్మకం ఇంకా బలపడుతుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసే మిత్రుడి ఇంటికి పోయి ఈ గోడు చెప్పుకున్నాను. వాళ్లమ్మ గారు విని, తల్లి బొమ్మ వేయి నాయనా అన్నారు. దేవాంగ పిల్లి పిల్ల తల్లి కడుపు కరుచుకుని వేలాడుతుంది, ఒక్కోసారి కవలలు కూడా. అదే వేశాం. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన బట్టమీద వెదురు కలంతో, ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన కసిం నలుపుతో ఆయన గీతలు గీస్తుంటే నేను పక్కన కూర్చుని వేళ్లు ఎలా పట్టుకుంటాయో ఫొటోలు చూపిస్తూ చెప్పాను. పురాణ కథల్లాగే అడ్డంగా గడులు: చింతకొమ్మ మీద తల్లి, మిడతను పట్టుకోవడం, మనిషి టార్చి, రాయి, ఖాళీ కొమ్మ. ఆ బట్టను ఊళ్లలో విప్పితే ఆడవాళ్లు చుట్టూ చేరి గడి గడికీ వేలు పెట్టి కథ వాళ్లే చెప్పేవాళ్లు, నేను నోరు తెరవాల్సిన పనే ఉండేది కాదు. ఖాళీ కొమ్మ దగ్గరకొచ్చేసరికి ఒక ముసలావిడ “పిల్లలేమైపోయినాయో” అని నన్నే అడిగింది. నా దగ్గర మాట లేదు.

ఆ పనిలోనే నేర్చుకున్నది ఇంకొకటి: వెనక దృశ్యం కల్పించి వేయండి. గుర్తుపట్టగలిగే బండో కోనో వేస్తే, ఫొటోకైతే లొకేషన్ వదిలేస్తే, పట్టుకుపోయేవాళ్లకు మనమే దారి చూపించినట్టు. మిత్రుడు మొదటి గడిలో అలవాటుగా ఒక తీర్థం వేయబోతే ఆపేశాను.

పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల పని ఇంకో రకం. చెవి అంచు చిరుగులు, దంతాల వంపు, తోక వెంట్రుకలు చూసి ఏ ఏనుగు ఏదో పోల్చుకుంటారు, దానికి గీతల బొమ్మలు బాగా పనికొస్తాయి. కౌండిన్య అభయారణ్యం అంచు పొలాల రైతులకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు, వాళ్ల పక్కన కూర్చుని గీయండి.

ఏఐతో బొమ్మలు చేయనా అని కూడా అడిగారు. జంతువుల విషయంలో నేను వాడను. శేషాచలంలోని బంగారు బల్లిని ఒకసారి చేయించి చూశాను, గోడబల్లికి పసుపు పూసినట్టు వచ్చింది. దాని శాస్త్రీయ నామంలో మొదటి మాట కాలోడాక్టైలోడిస్, అందులోనే అందమైన వేళ్లు అన్న అర్థం ఉంది, వేళ్ల చివర వెడల్పైన మెత్తలుంటాయి. ఆ వేళ్లే తప్పుగా వచ్చాయి. గుర్తింపు కోసం వేసే బొమ్మలో ఆ ఒక్క తప్పు చాలు.

డబ్బు సంగతి: మొదటి ఒకటి రెండు ఉచితంగా చేయండి, తర్వాత కనీసం ప్రింటు ఖర్చయినా అడగండి. అడగకపోతే రెండేళ్లకు మానేస్తారు, చాలామంది అలాగే మానేశారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, నోట్‌బుక్ తీసుకుని ఉదయం పూట ఎస్వీ జూపార్కుకు వెళ్లండి, నాలుగు రోజులు ఒకే జంతువును గీయండి, గీసింది అడవిలో పనిచేసినవాళ్లకు చూపించి దిద్దించుకోండి. చిరుతను ఇప్పటికే అందరూ వేస్తున్నారు. మీరు సైకస్ బెడ్డోమి వేయండి. తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని మొక్క, చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, మందుల కోసం మగ కంకులు కోసుకుపోతారు. ఆ రెండు మొక్కల తేడా చూపించే మంచి తెలుగు బొమ్మ నేను ఇంతవరకు చూడలేదు. మీరు గీస్తే మొదటి వంద కాపీలు నా షాపులో వేసిస్తాను, కాగితం ఖర్చు కూడా నాదే.