నడినెత్తిన కన్నం ఎందుకు?

ప్రశ్న: లండన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బెనిన్ ఇత్తడి తలలు చూశాం. నడినెత్తిన గుండ్రంగా పెద్ద కన్నం. మా మనవడు పూలకుండీ అన్నాడు. ఏమిటండీ అవి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ మనవణ్ణి ఏమీ అనకండి, మొదట నేనూ అలాగే అనుకున్నాను. 1980ల్లో నైజీరియాలోని బెనిన్ సిటీలో లెక్కల టీచరుగా ఉన్నప్పుడు మా ఇంటి ఓనరు నా అనుమానం తీర్చాడు. ఆ కన్నంలో ఏనుగు దంతం నిలబెడతారట, ఒళ్లంతా బొమ్మలు చెక్కిన దంతం. అంటే మీరు చూసింది సగమే.

అక్కడి రాజును ఒబా అంటారు. తండ్రి తర్వాత గద్దెనెక్కిన ఒబా, ఆయన పేరిట కోటలో మట్టి అరుగు కట్టించి దానిమీద ఇత్తడి తలలు, గంటలు పెట్టించాలి. మొహం అచ్చం తండ్రిలా ఉండక్కర్లేదు. పగడాల టోపీ, మెడ నుంచి గడ్డం దాకా పగడాల పేటలు ఉంటే రాజే. తలే ఎందుకంటే, మనిషి రాత, నడత అన్నీ అందులోనే ఉంటాయని అక్కడి ఎడో జాతి జనం నమ్మకం.

పోత మన పంచలోహ విగ్రహాల పద్ధతే: మైనం బొమ్మకు మట్టి పూసి, మైనం కరిగించి, లోహం పోస్తారు. ఆ పనివాళ్లది ఇగున్ వీధి, నేనున్న రోజుల్లోనూ అక్కడ కొలుములు ఆరలేదు. ఇత్తడి తల రాజకుటుంబానికే. సర్దార్ల ఇళ్లలో చెక్క తల. మరి అంత ఇత్తడీ పోసిన కంచరి సొంత తండ్రికో? మట్టి తల!

మామూలు ఇళ్లలో తల ఉండదు, ఉఖురే అనే కర్ర ఉంటుంది. మా ఓనరు ముందుగదిలో నాలుగైదు గోడకు ఆనించి ఉండేవి. వెదురులా కణుపులు కణుపులుగా చెక్కుతారు, పైకొస తొలిచి లోపల గిలక వదులుతారు. పెద్దకొడుకు తండ్రికి ఏదైనా చెప్పుకోవాలంటే దాన్ని నేలకేసి తడతాడు. మా ఓనరు కూతురికి పెళ్లి కుదిరిన రోజు తెల్లారుజామున ఆ గలగల మా వాటాలోకి వినిపించింది.

1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం బెనిన్‌ను పట్టుకుని కోటను దోచింది. ఒబాను కాలబార్ అనే ఊరికి పంపేశారు. సొమ్ము రకరకాల చేతులు మారింది, తల ఒక దేశంలో, దంతం ఇంకో దేశంలో. 2022 నుంచి జర్మనీ కొన్నిటిని తిరిగి ఇస్తోంది.

ఫొటో తీసుకునే ఉంటారుగా? మీ మనవడి చేత ఆ కన్నంలోంచి వంపు తిరిగిన దంతం ఒకటి పెన్నుతో గీయించండి.