ఆర్కిడ్ ఆకులు ముదురు పచ్చగా ఉన్నా పూలు లేవెందుకు?

ప్రశ్న: రెండేళ్ల క్రితం నెక్లెస్ రోడ్డులో జరిగిన నర్సరీ మేళాలో ఒక ఆర్కిడ్ కుండీ కొన్నాను. పేరు చీటీ లేదు. అప్పుడు కాడ చివరి నుంచి వచ్చిన పొడవాటి రెమ్మకు, మధ్యలో తెలుపున్న ఊదా రంగు పూలు ఉన్నాయి. అవి రాలిపోయాక మళ్లీ ఒక్క పువ్వూ పూయలేదు. కాడలు సన్నని చెరకు గడల్లా కణుపులతో ఉన్నాయి. కొన్నిటికి ఆకులు రాలిపోయి, చివర్లలో పిలక మొక్కలు వచ్చాయి. మిగతా ఆకులు ముదురు పచ్చగా బాగున్నాయి. ఉత్తరం వైపు బాల్కనీలో ఉంచి, ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లు రోజూ పోస్తున్నాను. ఇది ఏ రకం? ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన కుండీలోకి మార్చితే పూస్తుందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మట్టిలోకి మాత్రం మార్చకండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది డెండ్రోబియం. ప్రకృతిలో చెట్ల కొమ్మలనూ, రాళ్లనూ పట్టుకుని బతికే జాతి. దీని వేళ్ల చుట్టూ గుల్లగా ఉండే తెల్లని పొర ఉంటుంది. తడిస్తే పచ్చగా, ఆరితే వెండి రంగులోకి మారుతుంది. నీటిని పీల్చేది ఆ పొరే. ఎర్రమట్టిలో దానికి గాలి ఆడదు, వారాల్లోనే వేళ్లు నల్లబడి కుళ్లిపోతాయి.

పేరు చీటీ లేనప్పుడు పువ్వు కంటే కాడ నమ్మదగిన ఆధారం. కాడ కనిపించకుండా, వెడల్పాటి దళసరి ఆకులు రెండు వరుసల్లో నేలబారుగా పరుచుకుంటే అది ఫాలినాప్సిస్. ఒకటే కాడ నిటారుగా పెరుగుతూ, పక్కల నుంచి లావాటి వేళ్లు గాలిలో వేలాడితే వాండా. మన అడవుల్లోనూ చెట్ల కొమ్మలపై ఒక వాండా పెరుగుతుంది. అడుగున కోడిగుడ్డంత చదునైన గడ్డ ఉంటే ఆన్సీడియం కావచ్చు. కణుపుల కాడలు పక్కపక్కనే గుంపుగా లేస్తే డెండ్రోబియం. ఇందులోనూ ఇళ్లలో ఎక్కువగా పెంచేవి రెండు తరహాలు. కాడ పొడవునా ప్రతి కణుపు దగ్గర పూలు పూసేది నోబిలే రకం. దానికి చలికాలంలో నీళ్లు బాగా తగ్గించి, చల్లని రాత్రులు తగలనివ్వాలి. మీది కాడ చివరి నుంచి రెమ్మ వేసింది కాబట్టి వెచ్చదనాన్ని ఇష్టపడే రెండో తరహా. హైదరాబాద్‌కు ఇదే అనుకూలం.

పెళ్లి మండపాల అలంకరణలో వాడే ‘సోనియా’ రకం పూలు కూడా ఊదా, తెలుపు కలగలిసి ఉంటాయి. మీది అదే కావచ్చు, కాకపోనూ వచ్చు. సంకర ఆర్కిడ్ల పేర్లను నమోదు చేసే లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పట్టికలో లక్షకు పైగా పేర్లున్నాయి. పువ్వు ఫొటో చూసి కచ్చితంగా ఇదేనని చెప్పేవారిని నేనైతే నమ్మను. పూయించడానికి ఆ పేరుతో పని లేదు, తరహా తెలిస్తే చాలు.

ఇక అసలు సమస్య వెలుతురు. ఆకులు ముదురు పచ్చగా ఉన్నాయని మీరు సంతోషిస్తున్నారు గాని, డెండ్రోబియంలో అది చీకటికి గుర్తు. ఆకు లేత పచ్చగా, కాస్త పసుపు ఛాయతో ఉంటేనే పూతకు సరిపడా వెలుతురు అందుతున్నట్టు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి వరకు మన దగ్గర సూర్యుడు దక్షిణం వైపుగా నడుస్తాడు. ఆ ఆరు నెలలూ ఉత్తరపు బాల్కనీలో ఎండ పొడ పడదు. కుండీని తూర్పు వైపుకు మార్చి, ఉదయం తొమ్మిది, పది గంటల వరకు ఎండ తగలనివ్వండి. మేడ మీద పెట్టేట్లయితే 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే నీడ వల) తప్పనిసరి. ఒకేసారి కాకుండా రెండు వారాల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. మధ్యాహ్నం ఆకును తాకి చూడండి. చేతికి వేడిగా తగిలితే ఎండ ఎక్కువైనట్టే. అలాగే వదిలేస్తే ఆకు మీద తెల్లటి మచ్చలు పడి, తర్వాత నల్లబడతాయి.

ఫిల్టర్ వృథా నీళ్లు వెంటనే మానేయండి. మామూలు నీటిలో కంటే వాటిలో లవణాలు ఎక్కువ. కుండీ అంచున, వేళ్ల మీద తెల్లని పొక్కు కడుతోందేమో చూడండి. వాన నీరు అన్నిటికంటే మంచిది. లేకపోతే నల్లా నీరు వాడండి. ఎండాకాలం రోజూ ఉదయం, వానాకాలం రెండు మూడు రోజులకోసారి, చలికాలం నాలుగైదు రోజులకోసారి పోస్తే చాలు. లెక్క కంటే వేళ్ల రంగు చూసి పోయడం మేలు. బియ్యం కడుగు, వెల్లుల్లి నీళ్ల వంటి చిట్కాలు ఫోనులో రోజుకొకటి వస్తుంటాయి. వాటితో చీమలు, బూజు వస్తాయి తప్ప పూలు రావు.

ఆకులు రాలిన కాడలను కోసేయకండి. మొక్క నీరు, ఆహారం దాచుకునేది వాటిలోనే. ఒకసారి పూసిన కాడ కూడా మళ్లీ పూస్తుంది. పూర్తిగా ఎండి గోధుమ రంగుకు తిరిగినవాటినే తీయండి. కాడ చివర పిలకలు వచ్చాయంటే అడుగున వేళ్లు దెబ్బతిన్నాయేమోనని అనుమానించాలి. ఇంకో పరీక్ష కూడా చేయండి: ఈ ఏడాది కాడ నిరుటి కాడ కంటే పొట్టిగా ఉందా? ఉంటే మొక్క బలహీనపడుతోంది. కుండీ మార్చాల్సిందే.

తొలకరి పడ్డాక, కొత్త మొలక అడుగున వేళ్లు అర అంగుళం కనిపించినప్పుడు మార్చండి. పక్కన రంధ్రాలున్న చిన్న మట్టికుండీ తీసుకుని కట్టెబొగ్గు, ఇటుక ముక్కలు, నానబెట్టి కడిగిన కొబ్బరి డొక్క ముక్కలతో నింపండి. కుళ్లిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో తీసేయండి. మొక్క కదలకుండా పుల్లకు కట్టండి, కదిలితే కొత్త వేళ్ల కొసలు విరుగుతాయి. పిలకలకు రెండంగుళాల వేళ్లు వచ్చాక వేరు చేసి విడిగా పెంచుకోవచ్చు.

ఎదిగే కాలంలో 19:19:19 ఎరువును (ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) లీటరు నీటికి అర గ్రాము చొప్పున వారానికోసారి ఇవ్వండి. కాడ చివరి ఆకు విచ్చుకున్నాక 13:0:45కు మారండి, మోతాదు అంతే. నెలకోసారి ఉత్త నీటితో కుండీని బాగా కడగాలి. ఆకుల అడుగున పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వానాకాలంలో రాత్రిపూట టార్చి వేసి నత్తలను ఏరేయండి, లేత వేళ్ల కొసలు వాటికి మహా ఇష్టం.

కొత్త కాడ ముదిరాకే రెమ్మ వేస్తుంది, వెలుతురు మార్చిన మర్నాటి నుంచే ఎదురుచూడకండి. మొగ్గలు కనిపించాక కుండీ చోటు మార్చవద్దు. ఇంట్లోకి తెస్తే పండ్ల బుట్టకు దూరంగా పెట్టండి; మాగే అరటి, మామిడి పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు తగిలితే మొగ్గలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి.
– ఉద్యాన శాస్త్రవేత్త, హైదరాబాద్