యూకేకి కొత్తగా వచ్చారా? ఈ చలికాలం ఒక్కసారి దడి పనికి వెళ్లండి

సెప్టెంబరులో మాస్టర్స్‌కి వచ్చిన ఒక తమ్ముడు మొన్న అడిగాడు, "అన్నా, వారమంతా క్లాసులు, పార్ట్‌టైం, ఆదివారం వస్తే గదిలో ఒక్కణ్నే, ఇక్కడివాళ్లతో మాట కలిసేదెలా?" అని. నేనైతే కన్జర్వేషన్ వాలంటీర్లతో, అంటే ప్రకృతిని కాపాడే పనులు జీతం లేకుండా చేసేవాళ్లతో వెళ్లమంటాను. ది కన్జర్వేషన్ వాలంటీర్స్ అనే సంస్థ 1959 నుంచీ ఈ పనే చేస్తోంది, వైల్డ్‌లైఫ్ ట్రస్టులున్నాయి, చాలా ఊళ్లలో చిన్న బృందాలూ ఉన్నాయి. అనుభవం అడగరు, పనిముట్లు వాళ్లే ఇస్తారు.

మొదటి రోజు మాత్రం మనసు చివుక్కుమంటుంది. అడవిని కాపాడదామని వెళ్తే చేతికి రంపమిచ్చి హేజెల్ చెట్లను మొదలుకంటా కోయమంటారు. నాకైతే మా ప్రకాశం జిల్లా జామాయిల్ తోటలు గుర్తొచ్చాక గానీ అర్థం కాలేదు. కొట్టేసిన మోడు నుంచి మళ్లీ పిలకలు లేస్తాయి కదా, ఇదీ అంతే. కాపిసింగ్ అంటారు. 7 నుంచి 10 ఏళ్లకోసారి ఒక్కో ముక్క కొడుతూ వస్తే నేలకి ఎండ తగిలి, వసంతంలో పూలు, వాటి కోసం సీతాకోకచిలుకలు వస్తాయి.

దడి పని, అంటే పొలం చుట్టూ ఉండే పచ్చి చెట్ల కంచెని (హెడ్జ్) సరిచేయడం, ఇంకా బాగుంటుంది. పొలం గట్టున హాథార్న్, బ్లాక్‌థార్న్ అనే ముళ్ల చెట్లు ఏపుగా పెరిగి కింద బోసిపోతాయి, గొర్రె దూరేంత సందులు పడతాయి. కాండాన్ని మొదలు దగ్గర ఏటవాలుగా నరుకుతారు, కానీ పూర్తిగా తెగనివ్వరు, బెరడూ దానికి అంటుకున్న పల్చటి చెక్కా మిగిలేలా ఆపి, ఆ కాండాన్ని మెల్లగా పక్కకి వాలుస్తారు. మధ్యలో గుంజలు పాతి, పైన హేజెల్ బెత్తాలు జడలా అల్లుతారు. ఆ పల్చటి ముక్కతోనే చెట్టు బతుకుతుంది! వసంతానికి మోడు నుంచి కొత్త చిగుళ్లు లేచి సందులు మూసుకుపోతాయి, పిట్టలకి గూళ్లు కట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. మార్చి నుంచి ఆగస్టు వరకు పిట్టలు గూళ్లు పెట్టే కాలం, అప్పుడు కోత ఆపేస్తారు, కాబట్టి వెళ్లేదేదో ఈ చలికాలంలోనే వెళ్లండి.

ఒక్క జాగ్రత్త. బ్లాక్‌థార్న్ ముల్లుని తేలిగ్గా తీసుకోవద్దు. నేను ఒకసారి గ్లవ్స్ తీసేసి పట్టుకుంటే వేలిలో ముల్లు విరిగి ఉండిపోయింది, చిన్నదేలే అని ఊరుకున్నాను, రెండు వారాలు వేలు మడవలేకపోయాను. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. కొత్త పఫర్ జాకెట్ వేసుకెళ్తే ముళ్లకి చిరిగిపోతుంది, జీన్స్ తడిస్తే ఆరదు, పాత బట్టలు, గట్టి బూట్లు చాలు.

వీసా సంగతి: స్టూడెంట్ వీసాలో డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకి సాధారణంగా టర్మ్‌లో వారానికి 20 గంటల పరిమితి ఉంటుంది కదా. కుదిరినప్పుడు వెళ్లొచ్చే వాలంటీరింగ్ వేరు, ఫలానా రోజు రావాల్సిందే అని ఒప్పందం ఉండే వాలంటరీ వర్క్ వేరు, జీతం లేకపోయినా రెండోది ఆ గంటల్లోకే వస్తుంది. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒక్క మెయిల్ పెట్టి అడిగాకే వెళ్లండి, తర్వాత టెన్షన్ ఉండదు.

బస్సు లేని చోటైతే స్టేషన్ నుంచి ఎవరైనా ఎక్కించుకుంటారా అని ముందే అడగండి, మొహమాటపడొద్దు. మాట కలిసేది టీ బ్రేక్‌లోనే. డబ్బాలో పులిహోర కాస్త ఎక్కువే పెట్టుకెళ్లండి, పంచేముందు మాత్రం వేరుశనగ ఉందని చెప్పండి, అలర్జీ ఉన్నవాళ్లుంటారు.