బోన్సాయ్‌కి పిండినల్లి: ఆకు మాడకుండా మందు ఎలా?

ప్రశ్న: మా బాల్కనీలో పన్నెండేళ్ల ఫైకస్ బోన్సాయ్ ఉంది. ఆకు తొడిమల దగ్గర దూదిలాంటి తెల్లని పురుగు పట్టింది. ఆకులు జిగటగా మారి నల్లబడ్డాయి. దుకాణంలో ఇచ్చిన ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందును ఒక మూతెడు తీసుకుని, గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో లీటరు నీటిలో కలిపి ఉదయం పదింటికి చల్లాను. రెండు రోజుల్లో ఆకుల అంచులు మాడాయి, సగం రాలిపోయాయి. పురుగు మాత్రం ఇంకా ఉంది. ఏం చేయాలి? – ఒక గృహిణి, విజయవాడ

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు పిండినల్లివి. ఆకుల మీది నలుపు పురుగు విసర్జించే జిగురుపై పెరిగిన బూజు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, దానికి వేరే మందు అక్కర్లేదు.

ఆకు మాడటానికి కారణం మందు ఒక్కటే కాదు. సీసా మూతలో మామూలుగా ఐదు నుంచి పది మిల్లీలీటర్లు పడుతుంది. ఆ మందు పొలంలో వాడే మోతాదు లీటరుకు రెండే. పైగా పేరు చివర ‘ఈసీ’ అని ఉండే మందుల్లోని ద్రావకం లేత ఆకును కాలుస్తుంది. గిన్నెల సబ్బు ఆకు మీది మైనపు పొరను కడిగేసింది, ఎండ మిగిలిన పని పూర్తి చేసింది. పొలంలో పది ఆకులు మాడినా లెక్క లేదు, బోన్సాయ్‌కి ఉన్నవే కొద్ది ఆకులు. అందుకే ఈ చెట్లకు స్ప్రేయర్ కంటే ముందు చేతికి పని చెప్పమంటాను.

డెబ్భై శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చెవిపుల్ల ముంచి, కనిపించిన ప్రతి పురుగుకూ అద్దండి. దాని ఒంటిమీది మైనం కరిగి చస్తుంది. మందులు పారకపోవడానికి కారణం ఆ మైనమే. జెల్ శానిటైజర్ వద్దు. ఆకు అంతటికీ పూయకండి, పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోకండి. కొమ్మల పంగల్లో, బెరడు పగుళ్లలో, కొమ్మ వంచడానికి రాగి తీగ చుట్టిన చోట ఎక్కువగా దాక్కుంటుంది. గుడ్ల సంచిలో వందల గుడ్లు ఉంటాయి, వారం పది రోజుల్లో పొదుగుతాయి. కాబట్టి వారానికోసారి, కనీసం నాలుగు వారాలు ఈ పని తప్పదు. తుడిచే ముందు ఒక్క మాట: అలాగే తెల్లగా, కానీ పెద్దగా, చురుకుగా పరుగెత్తేది కనిపిస్తే వదిలేయండి. అది పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అక్షింతల పురుగు పిల్ల కావచ్చు.

చెట్టు కొత్త చిగుళ్లు వేసి ముదిరాక కూడా పురుగు మిగిలితే అప్పుడు వేపనూనె. లీటరు నీటికి ఐదు మి.లీ. నూనె, అది నీటిలో కలిసేందుకు ఒకటి రెండు మి.లీ. మొక్కల కోసం అమ్మే పొటాషియం సబ్బు ద్రావణం. నూనె పైకి తేలుతుంటే చల్లకండి, ఆ చుక్క పడిన చోటే మచ్చ వస్తుంది. ముందుగా మూడు నాలుగు ఆకుల మీద చల్లి రెండు రోజులు చూడండి. ఉదయమే కుండీకి నీరు పెట్టి, సాయంత్రం ఎండ దిగాక ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. గంధకం చల్లిన నెలలోపు నూనె వద్దు.

ఇప్పుడు మీ చెట్టుకు కావలసింది విశ్రాంతి. నీడపట్టున పెట్టి, ఎరువు ఆపండి. ఆకులు తగ్గాయి కనుక నీటి వాడకమూ తగ్గుతుంది, పైమన్ను ఆరాకే నీరు పోయండి. కొమ్మ బెరడును గోటితో గీరితే లోపల పచ్చగా ఉంటే భయం లేదు, ఫైకస్ మళ్లీ చిగురిస్తుంది.

కుండీ అడుగు రంధ్రాల్లో తెల్లని బూజులాంటిది ఉందేమో చూడండి. ఉంటే వేళ్లకూ పిండినల్లి పట్టినట్టే, చెట్టు కోలుకున్నాక వేళ్లు కడిగి కొత్త మట్టిలో నాటాలి. చీమలు ఎక్కుతుంటే కుండీని నీళ్ల పళ్లెంలో ఎత్తుగా రాయి వేసి దానిమీద పెట్టండి, పిండినల్లిని మోసుకొచ్చి కాపాడేది అవే.

పక్కన జేడ్ మొక్క ఉంటే దానిమీద మాత్రం నూనె, సబ్బు చల్లకండి, ఆకు మీది పొర పోయి మచ్చలు పడతాయి. మలాథియాన్ అనే పురుగుమందు అసలే పడదు. దానికి చెవిపుల్ల చాలు.