ఆంగ్లికన్ చర్చిలో కీర్తనల్ని చదివినట్టు పాడతారెందుకు?

ఆంగ్లికన్ చర్చిలో, అంటే ఇంగ్లండ్ చర్చిలో, సాయంత్రం ఆరాధనకి వెళ్తే, కీర్తనల్లో సగం మాటలు ఒకే స్వరం మీద గబగబా చదివేసి చివర్లో మాత్రం రాగం తీస్తున్నారేంటి అని అడిగారు కదా. దాన్ని ఆంగ్లికన్ చాంట్ అంటారు.

అసలు చిక్కేంటంటే, బైబిల్ కీర్తనల ఇంగ్లిష్ అనువాదం వచనం. ఛందస్సు లేదు, ఒక వాక్యం పొట్టి, ఇంకోటి చాంతాడంత, అలాంటప్పుడు మామూలు పాట బాణీలో ఎలా ఇరికిస్తారు? అందుకే 10 స్వరాల చిన్న బాణీ పెట్టుకున్నారు (రెట్టింపుదైతే 20). బాణీకి రెండు భాగాలుంటాయి, ఒక్కో భాగంలో మొదటి స్వరం రబ్బరులాంటిది, దాని మీద ఎన్ని మాటలైనా సాగదీయొచ్చు, చివరి మాటలకే స్వరం మారుతుంది. ఎక్కడ మారాలో పుస్తకంలో గుర్తులుంటాయి, దాన్నే పాయింటింగ్ అంటారు. మన దండకం చదివే పద్ధతి కొంచెం గుర్తొస్తుంది నాకైతే, కాకపోతే ఇక్కడ నాలుగు గొంతులు కలిపి పాడతారు.

1662 ప్రార్థన పుస్తకం లెక్కన 150 కీర్తనలూ నెలకోసారి పూర్తవ్వాలి. 15వ తేదీ సాయంత్రం 78వ కీర్తన, 70కి పైగా వచనాలు! ఆ రోజు కోయిర్‌కి (పాడే బృందానికి) టెన్షనే.