పాఠకుల ప్రశ్నలు: ఫోను తీగ మీదుగా వచ్చిన ఆటలు

ప్రశ్న: 1980లలోనే కొందరు టెలిఫోన్ ద్వారా వీడియో గేములను ఇంటికి తెప్పించుకుని ఆడేవారని చదివాను. ఇంటర్నెట్ ఇళ్లకు రాని ఆ రోజుల్లో అది ఎలా సాధ్యమైంది?

జవాబు: ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లో టెలిఫోన్ తీగ ఉండేది. కంప్యూటర్ అంకెలను ఆ తీగ మోయగల ధ్వనులుగా మార్చి, అవతలి చివర ఆ ధ్వనులను తిరిగి అంకెలుగా మార్చే మోడెమ్ కూడా అప్పటికే వాడుకలో ఉంది. ఈ రెండింటినీ ఇంటి గేమ్ యంత్రంతో కలిపిన తొలితరం సేవల్లో ముఖ్యమైనది 1983లో అమెరికాలో మొదలైన గేమ్‌లైన్. విలియం వాన్ మైస్టర్ స్థాపించిన కంట్రోల్ వీడియో కార్పొరేషన్ అనే సంస్థ వర్జీనియా రాష్ట్రంలోని వియన్నా పట్టణం నుంచి దానిని నడిపింది. ఆయన మొదట పాటలను ఇళ్లకు చేరవేయాలనుకున్నారు. సంగీత రంగంలో ఆ ప్రయత్నం సాగకపోవడంతో అదే ఆలోచనను ఆటల వైపు మళ్లించారు.

గేమ్‌లైన్‌కు కావలసిన పరికరం పేరు మాస్టర్ మాడ్యూల్. అటారీ 2600 అనే ఇంటి గేమ్ యంత్రంలో ఆట కార్ట్రిడ్జ్, అంటే ఆటను నింపి అమ్మే చిన్న పెట్టె, పెట్టే గాడిలోనే దీనిని కూడా పెట్టాలి. మామూలు కార్ట్రిడ్జ్‌కు లేనిది దీనికి ఉన్నది టెలిఫోన్ తీగ గుచ్చే రంధ్రం. ఇంటి ఫోను తీగను అక్కడ గుచ్చి, యంత్రాన్ని ఆన్ చేసి, జాయ్‌స్టిక్‌తో కావలసిన ఆటను కోరితే మాడ్యూల్ తానే నంబరు తిప్పి, ఆటను తన మెమరీలోకి దించుకుని, ఫోను పెట్టేసేది. ఆ తరువాత ఆడుతున్నంతసేపూ తీగతో పని లేదు. అయితే దిగిన ఆట సాధారణంగా ఐదు నుంచి పది సార్లు మాత్రమే ఆడనిచ్చేది. మళ్లీ కావాలంటే మళ్లీ ఫోను చేసి, మళ్లీ డబ్బు కట్టవలసిందే.

ఇది సాధ్యం కావడానికి అసలు కారణం ఆ ఆటలు అతి చిన్నవి కావడమే. అటారీ 2600 తన కార్ట్రిడ్జ్‌లో ఒకేసారి చూడగలిగింది 4 కిలోబైట్లు మాత్రమే. ఈ జవాబును తెలుగు యూనికోడ్ అక్షరాలలో కంప్యూటర్లో దాచినా అంతకంటే ఎక్కువ చోటే పడుతుంది. సెకనుకు 1200 బిట్లు పంపే మోడెమ్‌తో లెక్క వేసి చూస్తే 4 కిలోబైట్లు దిగడానికి అర నిమిషం కూడా పట్టదు. కాబట్టి ఆటను తీసుకురావడం ఆ కాలంలో పెద్ద చిక్కు కాదు, తెచ్చినదానిని ఎక్కడ పెట్టుకోవాలన్నదే చిక్కు. అటారీ 2600 లోపల ఉన్న మెమరీ మొత్తం 128 బైట్లు, అందులో ఆట పట్టదు. అందువల్ల మెమరీని మాడ్యూల్ లోనే పెట్టవలసి వచ్చింది. పైగా ఆ యంత్రపు కార్ట్రిడ్జ్ గాడికి చదవడం, రాయడం అనే తేడాను తెలిపే సంకేతమే లేదు, ఎందుకంటే కార్ట్రిడ్జ్‌ను చదవడమే తప్ప దానిలో రాయవలసి వస్తుందని దాని రూపకర్తలు అనుకోలేదు. రాయడానికి ఒక చిరునామా, చదవడానికి వేరొక చిరునామా కేటాయించడం వంటి ఉపాయాలతో ఆనాటి ఇంజినీర్లు ఆ లోటును దాటారు. మోడెమ్ గురించి అందరూ మాట్లాడతారు గాని, నాకు ఈ కథలో ఎక్కువ గౌరవం కలిగించేది ఈ భాగమే.

ప్రశ్న: అంత మంచి ఆలోచన అయితే గేమ్‌లైన్ ఎందుకు నిలబడలేదు? ఆ సంస్థే తరువాత ఏఓఎల్ అయిందని అంటారు, అది నిజమేనా?

జవాబు: ముందు రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. అది నిజమే. కంట్రోల్ వీడియో దెబ్బతిన్న తరువాత అందులో మిగిలిన జిమ్ కిమ్సీ, మార్క్ సెరిఫ్, స్టీవ్ కేస్ 1985లో క్వాంటమ్ కంప్యూటర్ సర్వీసెస్ అనే కొత్త సంస్థగా నిలదొక్కుకుని, అదే ఏడాది కమొడోర్ 64 కంప్యూటర్ల కోసం క్యూ-లింక్ అనే ఆన్‌లైన్ సేవను ప్రారంభించారు. ఆ సంస్థ 1991లో అమెరికా ఆన్‌లైన్ అని పేరు మార్చుకుంది, దాని పొట్టి పేరే ఏఓఎల్. స్టీవ్ కేస్ 1983లో గేమ్‌లైన్ మార్కెటింగ్ పని మీద ఆ సంస్థలోకి వచ్చిన యువకుడు. ఆటలను పంపడానికి నేర్చుకున్న విద్యే, అంటే ఇంటి ఫోను తీగల మీద వేలాది మందికి ఒక కేంద్రం నుంచి సేవ చేసే విద్యే, తరువాత మరో పనికి అక్కరకు వచ్చింది.

ఇక గేమ్‌లైన్ పతనం సంగతి. అది కాలానికి ముందే పుట్టిందని చాలామంది అంటారు. ఆ మాట పూర్తిగా సరికాదని నా అభిప్రాయం, ఎందుకంటే సాంకేతికంగా అది పనిచేసింది. దానిని దెబ్బతీసినవి రెండు. మొదటిది, అటారీ, యాక్టివిజన్ వంటి పేరున్న సంస్థల ఆటలు దాని జాబితాలో లేకపోవడం. కోరుకున్న ఆట దొరకని గ్రంథాలయానికి పాఠకుడు రెండోసారి వెళ్లడు కదా. రెండోది, 1983లో అమెరికా వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలడం. ఆ మార్కెట్ విలువ సుమారు 320 కోట్ల డాలర్ల నుంచి 1985 నాటికి సుమారు 10 కోట్ల డాలర్లకు పడిపోయిందని సాధారణంగా చెబుతారు. గేమ్‌లైన్ లెక్క చూడండి: మాడ్యూల్‌కు 49.95 డాలర్లు, సభ్యత్వానికి 15 డాలర్లు, ఆపైన ఆటకు సుమారు ఒక డాలరు. కార్ట్రిడ్జ్ ఖరీదుగా ఉన్నన్నాళ్లు ఈ లెక్క బాగానే కనిపిస్తుంది. మిగిలిపోయిన సరుకును వదిలించుకోవడానికి దుకాణాలు కార్ట్రిడ్జ్‌లను కొద్ది డాలర్లకే అమ్మడం మొదలుపెట్టాక, శాశ్వతంగా సొంతమయ్యే ఆటను వదిలి పదిసార్లకు చెల్లిపోయే ఆటను అద్దెకు తెచ్చుకునేవారెవరు?

ప్రశ్న: జపాన్‌లో సెగా సంస్థ గేమ్ యంత్రం మెగా డ్రైవ్‌కు కూడా మోడెమ్ ఉండేదని తెలిసింది. దాని ద్వారా వచ్చిన ఆటలు అంత చిన్నవిగా ఎందుకు ఉండేవి? ఆటలను భద్రపరచుకునే వీలు ఉండేదా?

జవాబు: మెగా డ్రైవ్ తొలి నమూనా వెనుక వైపు తొమ్మిది పిన్నుల చిన్న సాకెట్ ఒకటి ఉంటుంది. ఆ యంత్రం కొన్నవారిలో ఎక్కువమంది దానిలో ఏ తీగా గుచ్చి ఉండరు. 12,800 యెన్‌ల మెగా మోడెమ్ తగిలించడానికి ఉద్దేశించిన సాకెట్ అది. మోడెమ్ వేగం సెకనుకు 1200 బిట్లు. 1990 నవంబరులో ప్రారంభమైన మెగానెట్ సేవకు నెలకు 800 యెన్‌లు కట్టి, గేమ్ తోషోకాన్ అనే కార్ట్రిడ్జ్ పెట్టి ఆటలు దించుకోవాలి. తోషోకాన్ అంటే గ్రంథాలయం. పేరుకు గ్రంథాలయమే గాని, ఇంటికి తెచ్చుకున్న పుస్తకం దీపం ఆర్పగానే మాయమయ్యే గ్రంథాలయం అది, ఎందుకంటే దిగిన ఆట తాత్కాలిక మెమరీలో ఉండేది, విద్యుత్తు ఆపితే చెరిగిపోయేది. మీరు అడిగిన రెండో ప్రశ్నకు ఇదే జవాబు: భద్రపరచుకునే వీలు లేదు.

పరిమాణం విషయంలో ఒక్కొక్క ఆట 128 కిలోబైట్లు మించకూడదన్నది హద్దు. ఆ హద్దు ఎందుకో లెక్క వేస్తే వెంటనే అర్థమవుతుంది. 128 కిలోబైట్లు అంటే పది లక్షలకు పైగా బిట్లు. సెకనుకు 1200 చొప్పున అవి దిగడానికి దాదాపు పద్నాలుగున్నర నిమిషాలు కావాలి. ఆనాటి కార్ట్రిడ్జ్ ఆటల్లో మామూలుగా కనిపించే 512 కిలోబైట్ల ఆటను అదే తీగ మీద పంపితే గంట సేపు ఫోను ఎత్తి ఉంచవలసి వచ్చేది. జపాన్‌లో స్థానిక కాల్‌కు మూడు నిమిషాలకు 10 యెన్‌లు పడుతుండేది కాబట్టి పావుగంట సేపు ఆట దించుకోవడానికి 50 యెన్‌లు. అది భరించదగినదే గాని, ఆట చెరిగిపోయిన ప్రతిసారీ ఆ ఖర్చూ, ఆ నిరీక్షణా మళ్లీ మొదటికి వస్తాయి.

ఈ హద్దు ఆటల స్వరూపాన్నే మార్చింది. నాకు ఈ సేవ మీద ప్రత్యేకమైన మక్కువ కలగడానికి కారణం అదే. ఫ్యాంటసీ స్టార్ 2 ఆటలోని ఎనిమిది పాత్రలకూ ఒక్కొక్కరి పూర్వకథతో ఎనిమిది వేర్వేరు అక్షర సాహసాలు, అంటే ప్రధానంగా రాతతో నడిచే కథా ఆటలు, తయారుచేశారు. ఒక పెద్ద కథను ఫోను తీగ మోయగలిగినన్ని ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కనూ తనంత తానుగా ఆడదగినదిగా మలిచారన్నమాట. ఫ్లికీ 1984 నాటి ఆర్కేడ్ ఆట, అంటే ఆటశాలల్లో నాణెం వేసి ఆడే ఆట, కనుక స్వతహాగా చిన్నది, అలాగే ఇమిడిపోయింది. ఫేటల్ ల్యాబిరింత్ ప్రతిసారీ కొత్తగా అల్లుకునే చిక్కుదారుల ఆట. దారుల పటాలను ముందే గీసి నింపవలసిన పని తక్కువ కాబట్టి తక్కువ చోటులోనే ఎన్నో గంటల ఆటను ఇవ్వగలిగింది. సోనిక్ ఇరేజర్ పలకలను పేర్చి చెరిపే పజిల్. తొలి సోనిక్ ఆట వచ్చిన 1991లోనే ఇదీ వచ్చింది. గొప్ప ఆటలు అనను గాని, చోటు ఎంత ఉందో ముందే ఎరిగి, దానికి తగ్గట్టు రాసినవారి పొదుపు వీటిలో స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికాలో ఇదే సేవను టెలి-జెనిసిస్ పేరుతో తెస్తామని సెగా ప్రకటించింది, కానీ తేలేదు. బ్రెజిల్‌లో టెక్‌టాయ్ సంస్థ 1995లో మెగా నెట్ పేరుతో ఒక సేవను నడిపింది.

ప్రశ్న: నింటెండో ఇటువంటిది చేయలేదా? ఎక్స్‌బ్యాండ్, సెగా ఛానెల్ కూడా ఈ కోవకు చెందినవేనా?

జవాబు: నింటెండో 1988లో తన ఇంటి గేమ్ యంత్రం ఫ్యామికామ్‌కు మోడెమ్ తెచ్చింది. అయితే నోమురా సెక్యూరిటీస్‌తో కలిసి తెచ్చిన ఆ మోడెమ్ ప్రధానంగా వాటాల కొనుగోలు, అమ్మకాలకు, తరువాత గుర్రపు పందేలకు ఉపయోగపడింది గాని ఆటలను దించడానికి కాదు. 1994లో వచ్చిన ఎక్స్‌బ్యాండ్ మోడెమే గాని ఆటలను దించే సేవ కాదు. ఆట ఆడేవారి సొంత కార్ట్రిడ్జ్‌లోనే ఉండేది, దూరాన ఉన్న ఇద్దరూ నొక్కిన మీటల సమాచారం మాత్రమే సెకనుకు 2400 బిట్ల వేగంతో తీగ మీద నడిచేది. సెగా ఛానెల్ నిజంగానే ఆటలను దించే సేవ. 1994 డిసెంబరు నుంచి 1998 జూలై వరకు అమెరికాలో నడిచింది. కానీ అది ఫోను తీగ మీద కాదు, కేబుల్ టీవీ తీగ మీద వచ్చింది. తీగ వెడల్పయింది కాబట్టి నెలకు సుమారు 50 ఆటలు, పూర్తి పరిమాణంలో ఇవ్వగలిగారు. దాని అడాప్టర్లో 4 మెగాబైట్ల మెమరీ పెట్టారు, అయినా విద్యుత్తు ఆపితే ఆట పోవడం మాత్రం అక్కడా తప్పలేదు.

ప్రశ్న: పాత గేమ్ యంత్రాలను సేకరిస్తాను. మెగా మోడెమ్ ఒకటి దొరికే అవకాశం వచ్చింది. కొంటే ఆ ఆటలు ఇప్పుడు దిగుతాయా?

జవాబు: దిగవు. మోడెమ్ చెక్కుచెదరకుండా ఉన్నా, అది పిలిచే నంబరు అవతల ఆటలను పంపే కేంద్రం లేదు. కార్ట్రిడ్జ్ అమ్మిన సంస్థ మూతపడినా కార్ట్రిడ్జ్ మీ చేతిలో ఉంటుంది. కానీ ఈ ఆటల ప్రతి ఆడేవారి ఇంట్లో ఎన్నడూ నిలవలేదు కాబట్టి, సంస్థ వాటిని మరోచోట విడుదల చేస్తేనో, తన దగ్గర భద్రంగా దాచితేనో తప్ప అవి మనకు మిగలవు. అదృష్టవశాత్తు సెగా 1994లో గేమ్ నో కాన్‌జుమే పేరుతో మెగా సీడీకి, అంటే మెగా డ్రైవ్‌కు తగిలించే సీడీ పరికరానికి, రెండు డిస్క్‌లు విడుదల చేసింది, ఫ్యాంటసీ స్టార్ అక్షర సాహసాలు వాటి ద్వారానే చేతికందే రూపంలో మిగిలాయి. ఫేటల్ ల్యాబిరింత్, ఫ్లికీ మామూలు కార్ట్రిడ్జ్‌లుగా కూడా వచ్చాయి. ఆడడమే మీ ఉద్దేశమైతే ఆ డిస్క్‌లనూ, ఆ కార్ట్రిడ్జ్‌లనూ వెతకండి. మోడెమ్‌ను వస్తువుగా దాచుకోదలిస్తే, కొనే ముందు మీ మెగా డ్రైవ్ వెనుక భాగాన్ని ఒకసారి తిప్పి చూడండి. మెగా డ్రైవ్ 2లో ఆ తొమ్మిది పిన్నుల సాకెట్ లేదు, కనుక అది మీ దగ్గర ఉంటే మోడెమ్‌ను దానికి తగిలించడం కూడా కుదరదు.