స్లాబు పడకముందే చూసుకోవలసినది పైపు: అనంతపురంలో మా ఇంటి అనుభవం

కర్నూలులో కడుతున్న మీ ఇంటికి మరో పది రోజుల్లో స్లాబు వేస్తున్నారనీ, 20 ఎంఎం లైట్ రకం (పలుచని) పైపు, ఇల్లంతటికీ 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలని ఎలక్ట్రీషియన్ చెబుతున్నారనీ రాశారు. వైరు ఎఫ్ఆర్ (మంటను వెంట పాకనివ్వనిది) కొనాలా, ఎఫ్ఆర్ఎల్ఎస్ (పొగ కూడా తక్కువ వచ్చేది) కొనాలా అని అడిగారు. దానికి చివర సమాధానం చెబుతాను. ముందు పైపు సంగతి తేల్చుకోండి. వైరును ఎప్పుడైనా లాగి మార్చుకోవచ్చు, స్లాబులో పూడిపోయిన పైపును మార్చడం ఎవరి తరమూ కాదు.

అనంతపురంలో మేము 2008లో ఇల్లు కట్టుకున్నప్పుడు ఫ్యాన్లు, ట్యూబులైట్లు తప్ప వేరే ఆలోచన లేదు. 2016లో పై గదికి ఏసీ పెట్టించి, ఉన్న 2.5 వైరుకే కలిపించాము. మరుసటి మే నెలలో ఒక మధ్యాహ్నం గదంతా కాలిన వాసన వచ్చింది. బోర్డు విప్పి చూస్తే వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి, వేలితో వంచగానే ఎండిన వేరుశనగ పొట్టులా రాలిపోయింది. కొత్త వైరు వేద్దామని పాతదాన్ని లాగితే రెండు బారల దూరం వచ్చి ఆగిపోయింది. గట్టిగా లాగేసరికి తెగి వచ్చిన కొనకు, పైపు మధ్యలో ఎప్పుడో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు బయటపడింది. ఆ టేపు కరిగి బంకలా సాగుతోంది. అవతలి వైపు నుంచి వైరు లాగే స్ప్రింగు పంపినా అదే చోట ఆగింది. స్లాబు వేసిన రోజు ఎవరి కాలి కిందనో ఆ పైపు నలిగిపోయి ఉంటుంది. చివరకు హాలు గోడ మీదుగా కేసింగ్ పట్టీ (వైరును దాచే మూత ఉన్న పట్టీ) కొట్టి వైరు తీసుకువెళ్లాము. ఆ పట్టీ ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ తరువాత కూర్చుని లెక్కలు చదివాను. గోడలోని పైపులో వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, చుట్టూ 30 డిగ్రీల వేడి ఉన్నప్పుడు సుమారు 24 ఆంపియర్లు మోస్తుంది. మామూలు పీవీసీ తొడుగు ఉన్న వైరులో రాగి 70 డిగ్రీలు దాటకూడదు కాబట్టి, చుట్టూ వేడి పెరిగే కొద్దీ ఆ సామర్థ్యం తగ్గుతుంది: 45 డిగ్రీల వద్ద 100కు 79 వంతులే, 50 వద్ద 71 వంతులే మిగులుతుంది. మే నెలలో మన పై స్లాబు సాయంత్రానికి కూడా చేయి పెట్టలేనంత కాలుతుందన్నది మీకు తెలియనిది కాదు. అదే పైపులో మూడు సర్క్యూట్లు ఒకేసారి లోడు మీద ఉంటే, మిగిలినది కూడా మళ్లీ 100కు 70 వంతులకు పడిపోతుంది. అంటే 45 డిగ్రీల వద్ద 24 కాస్తా 13 ఆంపియర్లవుతుంది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు ఒక్కటే 13 ఆంపియర్లు తీసుకుంటుంది. వైరు మీద రాసిన అంకెను చూసి ధైర్యపడకూడదని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

అందువల్ల ఏసీలకు, గీజరుకు, మోటారుకు డీబీ బోర్డు (ఇంటి సర్క్యూట్లన్నిటికీ కరెంటు పంచే పెట్టె) నుంచి దేనికది విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించండి. అదే కరెంటుకు 4 వైరులో పుట్టే వేడి 2.5 వైరులో పుట్టేదానికంటే దాదాపు ఐదింట రెండు వంతులు తక్కువ. మామూలు ప్లగ్గులకు 2.5, లైట్లకు, ఫ్యాన్లకు 1.5 సరిపోతాయి. ఎంసీబీ (లోడు మించితే తనంతట పడిపోయే స్విచ్చు) వైరుకు తగినదై ఉండాలి: 1.5 వైరుకు 10 ఆంపియర్లు దాటనివ్వకండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు), ప్రతి ప్లగ్గుకూ ఎర్తు వైరు తప్పనిసరి. పాతవాళ్లు 3/20, 7/20 అని, అంటే 20 గేజి తీగలు మూడు, ఏడు అని గేజిలో అడుగుతారు. మీరు మాత్రం చదరపు మిల్లీమీటర్లలోనే రాసి ఇవ్వండి.

ఇక పైపు. స్లాబులోకి లైట్ రకం ఒప్పుకోకండి. కరెంటు పైపుల భారత ప్రమాణం ఐఎస్ 9537 ముద్ర ఉన్న 25 ఎంఎం పైపు, కనీసం మీడియం, వీలైతే హెవీ తీసుకోండి. వైర్లన్నీ కలిసి పైపు లోపలి వైశాల్యంలో 40 శాతం మించకపోతేనే రేపు ఇంకో వైరు దూరుతుంది. మలుపు దగ్గర ఎల్బో కాకుండా పొడుగు బెండు వేయించండి, రెండు బాక్సుల మధ్య రెండు మలుపులకు మించనివ్వకండి, అతుకు ఏదైనా బాక్సులోనే ఉండాలి గాని పైపులో ఉండకూడదని ముందే చెప్పండి. పైపులను కలిపే కప్లింగులకు సొల్యూషన్ (పైపు బంక) పూయకుండా ఊరికే దూర్చేస్తే కాంక్రీటును కుదించే వైబ్రేటరు అదురుకు ఊడి, సిమెంటు పాలు లోపలికి పోతాయి. నెట్, టీవీ వైర్లకు వేరే పైపు, ఖాళీగా మరొకటి అదనంగా వేయించుకోండి.

స్లాబు రోజున ఎలక్ట్రీషియన్ కాంక్రీటు అయిపోయేదాకా పైనే ఉండాలి. ముందురోజు ప్రతి పైపులోనూ జీఐ తీగ దూర్చి అవతలికి వచ్చిందో లేదో మీ కళ్లతో చూడండి, ఫ్యాన్ బాక్సులు, పైపు మూతులు మూయించండి, కొలత టేపు పరిచి అంకెలు కనిపించేలా ఫోటోలు తీసుకోండి. ఆ ఫోటోలు లేకనే మా ఇంట్లో నలిగిన చోటును వెతకడానికి ఒక పూట పట్టింది.

మిద్దె మీద ట్యాంకుకు, బోరు మోటారుకు పోయే వైరును తెల్ల పీవీసీ పైపులో ఎండకు వదలకండి. మా ఇంట్లో మూడు వేసవులకే అది పెళుసెక్కి పగిలింది. నల్ల హెచ్‌డీపీఈ పైపు వేశాక ఆ బాధ లేదు. మా అత్తగారి ఊరిలో మట్టి మిద్దెకు, బండల గోడకు గాడి కొట్టే వీలు లేక కేసింగే వేశారు. అక్కడ ఎలుకలు దూరకుండా మూలలన్నీ మూయడం ముఖ్యం.

మీరు అడిగిన ప్రశ్నకు వస్తే, ఎఫ్ఆర్ వైరు మంటను వెంట పాకనివ్వదు గాని పొగను ఆపదు. ఎఫ్ఆర్ఎల్ఎస్‌లో పొగ, ఆమ్లపు ఘాటు వాయువు తక్కువగా వస్తాయి. పై గదుల్లో పడుకునేవారికి దిగడానికి ఒకటే మెట్ల దారి ఉన్న ఇంటికి నేనైతే ఎఫ్ఆర్ఎల్ఎస్ తీసుకుంటాను. ఏది కొన్నా వైర్ల భారత ప్రమాణమైన ఐఎస్ 694 అన్న అక్షరాలు, ఐఎస్ఐ గుర్తు, సైజు వైరు పొడవునా అచ్చయి ఉన్నాయో లేదో కాయిల్ విప్పించి చూసి, ఆ తరువాతే డబ్బు ఇవ్వండి.